స్వతంత్ర ఐటీ కాంట్రాక్టరు ఏ బీమా తీసుకోవాలి? విదేశీ క్లయింటు అడిగినవన్నీ అవసరమా?

ప్రశ్న: మియాపూర్ డెవలపర్

అందరికీ నమస్కారం. హైటెక్ సిటీలోని ఒక సంస్థలో చాలా ఏళ్లు ఉద్యోగం చేసి, ఈ మధ్యనే బయటికి వచ్చి సొంతంగా బ్యాకెండ్, క్లౌడ్ పనులు చేపట్టాను. విడిగా కంపెనీ ఏదీ నమోదు చేయలేదు. నా పేరు మీద, నా పాన్ మీదే ఇన్వాయిస్‌లు ఇస్తున్నాను, ఇంట్లోని ఒక గదే ఆఫీసు. ప్రస్తుతం ఇద్దరు క్లయింట్లు ఉన్నారు. ఒకరిది మాదాపూర్‌లోని చిన్న ఫిన్‌టెక్ సంస్థ, రెండవది టెక్సస్‌లో ఆస్పత్రుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడిపే సంస్థ.

ఈ రెండవ సంస్థ పంపిన ఒప్పందం ముసాయిదాలో పది లక్షల డాలర్ల ప్రొఫెషనల్ లయబిలిటీ (మన దగ్గర ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ అంటారు, వృత్తిపరమైన పొరపాట్లకు బీమా)తో పాటు జనరల్ లయబిలిటీ, సైబర్, వర్కర్స్ కాంపెన్సేషన్ పాలసీలు కూడా నా దగ్గర ఉండాలనీ, సంతకానికి ముందే వాటి సర్టిఫికెట్లు చూపాలనీ రాసి ఉంది. తెలిసిన ఏజెంటును అడిగితే ఆఫీసులకు ఇచ్చే ప్యాకేజీ పాలసీ ఒక్కటి చాలునన్నారు. వేరుగా తెప్పించిన ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ కొటేషన్లు చూస్తే, హామీ మొత్తం ఒకటే అయినా ప్రీమియంలో చాలా తేడా ఉంది. ఆ తేడా దేనివల్ల వస్తుందో, నాలాగా ఒంటరిగా పనిచేసేవారికి వీటిలో నిజంగా ఏది అవసరమో, ఏది వద్దని క్లయింటుతో చెప్పవచ్చో అనుభవజ్ఞులు వివరించగలరని ఆశిస్తున్నాను.

సమాధానం: బీమా బ్రోకింగ్‌లో పనిచేస్తున్న సభ్యురాలు

కొటేషన్లను కాసేపు పక్కన పెట్టి, ఒప్పందంలో బాధ్యతకు, ఇండెమ్నిటీకి (అంటే క్లయింటు నష్టాన్ని మీరు భరిస్తామనే హామీకి) సంబంధించిన క్లాజులను ముందుగా చదవమని కోరుతున్నాను. మీరు ఎంత వరకు బాధ్యులో నిర్ణయించేది ఒప్పందం. అందులో ఎంత తాను భరిస్తుందో చెప్పేది పాలసీ. ఈ రెండింటికీ మధ్య మిగిలినదంతా మీ సొంత ఆస్తి మీద పడుతుంది, ఎందుకంటే సొంత పేరుతో వ్యాపారం చేసేవారి విషయంలో వ్యాపారపు బాకీ వేరు, సొంత బాకీ వేరు అని చట్టం చూడదు.

మీ ఏజెంటు చెప్పిన ప్యాకేజీ పాలసీ అగ్నిప్రమాదం, దొంగతనం, పరికరాలు పాడవడం వంటి నష్టాల కోసం ఉద్దేశించినది. మీరు రాసిన కోడ్‌లో లోపం వల్ల బిల్లులు తప్పుగా వెళ్లి క్లయింటు నష్టపోతే, ఆ పాలసీ నుంచి ఏమీ రాదు. దానికి కావలసినది ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ. ఐటీ వారి కోసం దీనినే టెక్నాలజీ ఎర్రర్స్ అండ్ ఒమిషన్స్ అనే పేరుతో, మేధోసంపత్తి ఉల్లంఘన వంటి అంశాలు చేర్చి ఇస్తుంటారు. ఓపెన్ సోర్స్ లైబ్రరీల మీద ఆధారపడి పనిచేసేవారు ఆ అంశం పాలసీలో ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి.

ఇక ప్రీమియంలో తేడా. మీ విషయంలో దానికి ప్రధాన కారణం జ్యూరిస్‌డిక్షన్ అయి ఉండవచ్చు. పాలసీలో టెరిటరీ, జ్యూరిస్‌డిక్షన్ అని రెండు వేర్వేరు మాటలుంటాయి. మీరు ఎక్కడ చేసిన పనికి కవరేజీ ఉందో మొదటిది చెబుతుంది, ఏ దేశపు కోర్టులో వేసిన దావాకు కవరేజీ ఉందో రెండవది చెబుతుంది. టెరిటరీ ప్రపంచమంతా అని ఉండి, జ్యూరిస్‌డిక్షన్ భారతదేశం మాత్రమే అని ఉన్న పాలసీ చవకగా వస్తుంది, కానీ టెక్సస్ కోర్టులో మీ మీద దావా పడిన రోజున అది అక్కరకు రాదు. అమెరికా, కెనడాలను కూడా కలుపుకొన్న జ్యూరిస్‌డిక్షన్‌కు ప్రీమియం ఎక్కువగా ఉండటానికి అక్కడి న్యాయవాదుల ఫీజులు ఒక ముఖ్య కారణం. పైగా, మన దగ్గర చాలా పాలసీలలో కోర్టు ఖర్చులు కూడా హామీ మొత్తంలో నుంచే పోతాయి కనుక, వాదించడానికి అయిన ఖర్చు మేరకు పరిహారానికి మిగిలే డబ్బు తగ్గుతుంది.

ఆ తరువాత చూడవలసినది ఒక్కో క్లెయిముకు ఉన్న పరిమితి. హామీ మొత్తం ఒక కోటి అని పెద్ద అక్షరాలతో ఉన్నా, ఒక్క క్లెయిముకూ ఏడాది మొత్తానికీ మధ్య నిష్పత్తి 1:4 అని ఉంటే, ఒక్క వివాదంలో మీకు దక్కేది 25 లక్షలు మాత్రమే. ఒకరిద్దరు క్లయింట్లు మాత్రమే ఉన్నవారు 1:1 నిష్పత్తినే అడగాలని నా దృఢమైన అభిప్రాయం. డిడక్టిబుల్, అంటే ప్రతి క్లెయిములో ముందుగా మీరు భరించవలసిన మొత్తం, ఎక్కువగా పెట్టుకుంటే ప్రీమియం తగ్గుతుంది; మీ పొదుపులో నుంచి ఇబ్బంది లేకుండా తీయగలిగినంత వరకే దానిని పెంచుకోండి.

సైబర్ పాలసీ గురించి వేరుగా చెప్పాలి. ఇండెమ్నిటీ పాలసీ మీ పనిలోని పొరపాటుకు బాధ్యత వహిస్తే, సైబర్ పాలసీ మీ ల్యాప్‌టాప్ ద్వారానో, మీ లాగిన్ ద్వారానో డేటా బయటికి పోయినప్పుడు దర్యాప్తుకు, డేటా పునరుద్ధరణకు, బాధితులకు తెలియజేయడానికి అయ్యే ఖర్చులను చూసుకుంటుంది. మీ అమెరికా క్లయింటు రోగుల సమాచారంతో వ్యవహరిస్తారు కనుక ఆరోగ్య సమాచార రక్షణకు సంబంధించిన అక్కడి 1996 నాటి హిపా చట్టం వర్తిస్తుంది, అసలు రోగుల డేటా మీ చేతికి వస్తే ఆ బాధ్యత మీ వరకూ వస్తుంది. మన దేశంలోని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, తగిన భద్రతా ఏర్పాట్లు చేయని సంస్థలకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించే వీలు కల్పించింది. ఆ భారం నేరుగా మీ ఫిన్‌టెక్ క్లయింటుదే అయినా, ఇలాంటి సంస్థలు ఒప్పందాల ద్వారా దానిని కాంట్రాక్టర్లకు బదలాయించే ప్రయత్నం చేస్తాయి. కాబట్టి డెవలప్‌మెంట్‌కు అసలు డేటా కాక, గుర్తింపు వివరాలు తొలగించిన డేటానే ఇవ్వాలని ఒప్పందంలో రాయించుకోండి. ఏ పాలసీ కన్నా ముందు మిమ్మల్ని కాపాడేది అదే.

సమాధానం: కొండాపూర్ నుంచి మరొక కాంట్రాక్టరు

నేను కూడా విదేశీ క్లయింట్లకే పనిచేస్తున్నాను. వారు పంపే ఒప్పందం సాధారణంగా వారి దేశంలోని పెద్ద వెండర్ల కోసం తయారుచేసినది. మన పరిస్థితికి తగ్గట్టు మార్చమని మర్యాదగా, కారణాలతో అడిగితే చాలామంది మారుస్తారు. వర్కర్స్ కాంపెన్సేషన్ ఉద్యోగుల కోసం ఉద్దేశించినది. మీ దగ్గర ఉద్యోగులెవరూ లేరనీ, ఎవరినైనా తీసుకున్న రోజున ఇక్కడి చట్టం ప్రకారం బీమా చేస్తాననీ రాసి ఇస్తే సరిపోవాలి. జనరల్ లయబిలిటీ ఎవరికైనా శారీరక గాయమో, ఆస్తి నష్టమో కలిగినప్పటి మాట. మియాపూర్‌లోని గదిలో కూర్చుని పనిచేసే మీరు వారి ఆవరణలో అడుగే పెట్టరు కనుక దానిని కూడా మినహాయించమని అడగవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యంగా, బాధ్యతకు గరిష్ఠ పరిమితి పెట్టించండి. పది లక్షల డాలర్లంటే ఎనిమిది కోట్ల రూపాయలకు పైమాటే. గత పన్నెండు నెలల్లో వారు మీకు చెల్లించిన ఫీజును మించి బాధ్యత ఉండదనే క్లాజు ఈ రంగంలో సాధారణమైనదే. దానికి వారు ఒప్పుకుంటే అంత పెద్ద పాలసీ అడగవలసిన అవసరం వారికీ ఉండదు. ఇక్కడ ఒక మెలిక ఉంది: చట్టప్రకారం మీకు లేని బాధ్యతను మీరు ఒప్పందంలో స్వచ్ఛందంగా తలకెత్తుకుంటే, ఆ అదనపు భాగాన్ని బీమా కంపెనీ సాధారణంగా చెల్లించదు. ఆలస్యానికి రోజుకింత అని రాసుకునే జరిమానాలు కూడా మినహాయింపుల జాబితాలోనే ఉంటాయి.

అమెరికా కోర్టు తీర్పు ఇక్కడ చెల్లదులే అని కొందరు ధైర్యం చెబుతారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ సెక్షన్ కింద మన ప్రభుత్వం గుర్తించిన దేశాలలో అమెరికా లేదు కనుక, అక్కడి డిక్రీ ఇక్కడ నేరుగా అమలు కాదన్న మాట నిజమే. అయితే ఆ తీర్పును ఆధారం చేసుకుని మన కోర్టులో కొత్తగా దావా వేసే హక్కు వారికి ఉంటుంది, ఆ దావాను ఎదుర్కొనే ఖర్చు మీకు ఉంటుంది.

మియాపూర్ డెవలపర్

ఇంత ఓపికగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. ముసాయిదాను మళ్లీ చదివితే బాధ్యతకు అసలు పరిమితే లేదని తేలింది. ఈ వారమే వారికి లేఖ రాస్తాను. ఒక సందేహం మిగిలింది. ఫిన్‌టెక్ సంస్థకు ఇప్పటికే కొన్ని మాడ్యూళ్లు పూర్తిచేసి అప్పగించాను. ఇప్పుడు తీసుకునే పాలసీ ఆ పాత పనికి వర్తిస్తుందా? రేపు నేను మళ్లీ ఉద్యోగంలో చేరి పాలసీ మానేస్తే ఏమవుతుంది?

సమాధానం: బీమా బ్రోకింగ్‌లో పనిచేస్తున్న సభ్యురాలు

పని ఎప్పుడు చేశారన్నది మాత్రమే కాదు, క్లెయిము మీ మీదికి ఎప్పుడు వచ్చిందన్నది ఇండెమ్నిటీ పాలసీకి ముఖ్యం. క్లెయిము వచ్చే రోజుకు పాలసీ అమలులో ఉండాలి, ఆ పని పాలసీలోని రెట్రోయాక్టివ్ తేదీ తరువాత చేసినదై ఉండాలి. మొదటిసారి తీసుకునేవారికి ఆ తేదీని పాలసీ మొదలయ్యే రోజుగానే వేయడం పరిపాటి. మీరు స్వతంత్రంగా పని మొదలుపెట్టిన తేదీ వరకు వెనక్కి జరపమని అడగండి; కొంత అదనపు ప్రీమియంతో, వివాదాలేవీ తెలియవన్న రాతపూర్వక హామీతో ఇవ్వవచ్చు. బీమా కంపెనీ మారినప్పుడు ఈ తేదీ ముందుకు జరగకుండా చూసుకోండి, లేకపోతే అన్నేళ్ల పనికీ రక్షణ పోతుంది. పాలసీ మానేసే పక్షంలో, ఆ తరువాత వచ్చే క్లెయిముల కోసం పొడిగింపు వ్యవధి కొనుక్కోవచ్చు. మన లిమిటేషన్ చట్టం, 1963 ప్రకారం ఒప్పంద ఉల్లంఘన దావాలకు గడువు మూడేళ్లు కనుక, ఆ మూడేళ్లూ దృష్టిలో పెట్టుకోవడం సబబు.

క్లయింటు నుంచి ఫిర్యాదు ఛాయ కనబడగానే బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి, వారి అనుమతి లేకుండా తప్పు మాదేనని క్లయింటుకు మెయిల్ పంపకండి. పాలసీ కోసం నింపే ప్రపోజల్ ఫారంలో అమెరికా క్లయింటు గురించి, వైద్య డేటా గురించి తప్పక రాయండి. దాచిపెట్టారని తేలితే క్లెయిమును తిరస్కరించే అవకాశం ఉంది.

సమాధానం: నల్లకుంట నుంచి ఒక చార్టర్డ్ అకౌంటెంటు

పన్నుల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమాలకు జీఎస్‌టీ తొలగించారు కానీ ఇండెమ్నిటీ, సైబర్ వంటి వ్యాపార పాలసీలకు 18 శాతం అలాగే ఉంది. మీకు జీఎస్‌టీ నమోదు ఉంటే, పాలసీ మీద మీ జీఎస్‌టీ నంబరు వేయించుకుని ఆ మొత్తాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టవలసిన జీఎస్‌టీలో తగ్గింపుగా, పొందవచ్చు. స్థూల రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపే, 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీఏ సెక్షన్ తరహా ఊహాజనిత పద్ధతిని ఎంచుకున్నవారికి మాత్రం ప్రీమియాన్ని ఖర్చుగా విడిగా చూపే వీలు లేదు.

ఆఫీసు పరికరాలకు 2021లో వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీని పరిశీలించండి. అది ఐదు కోట్ల లోపు ఆస్తులున్న చిన్న వ్యాపారాల కోసం, వరద నష్టాన్ని కూడా కలుపుకొని రూపొందించినది. 2020 అక్టోబరు వానలను చూసిన నగరవాసులకు ఆ అవసరం వివరించనక్కరలేదు. ఆఫీసు బయటికి తీసుకువెళ్లే ల్యాప్‌టాప్‌కు మాత్రం వేరే కవరేజీ కావాలి.

ఎప్పుడైనా క్లెయిము విషయంలో పేచీ వస్తే, ముందుగా కంపెనీకి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి ఒక నెల వేచి చూడండి. జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా, ఏడాదిలోగా బీమా ఫిర్యాదులను పరిష్కరించే, లక్డీకాపూల్‌లోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయాన్ని ఆశ్రయించవచ్చు. సొంత పేరుతో నడిపే ఏకవ్యక్తి వ్యాపారాల పాలసీలు కూడా వారి పరిధిలోకి వస్తాయి, ఇందుకు ఫీజు ఏదీ ఉండదు.