కారు మరమ్మతులో గ్లౌజులు అన్ని పనులకూ తప్పనిసరా?

షెడ్డు నిర్వాహకుడు:

మా షెడ్డులో ఒక కొత్త నియమం పెట్టాలనుకుంటున్నాను: కారు మీద చేయి వేసే ప్రతి ఒక్కరూ, ఏ పని చేస్తున్నా, గ్లౌజులు వేసుకొని తీరాలి. ఇటీవల తుప్పు పట్టిన బోల్టును విప్పుతున్న ఒక కుర్రవాడి పానా జారడంతో, పిడికిలి వెళ్లి రేకు అంచుకు తగిలి వేలి కణుపుల మీద లోతుగా తెగింది. మందపాటి గ్లౌజు ఉండి ఉంటే చిన్న గీతతో పోయేది. వేడెక్కిన సైలెన్సర్ పైపైనా, బ్యాటరీలోని సల్ఫ్యూరిక్ ఆమ్లమైనా ముందుగా తాకేది చేతినే కనుక, ఈ నియమానికి మినహాయింపు ఎందుకుండాలో నాకు తోచడం లేదు. అభ్యంతరం ఉన్నవారు కారణాలతో రాయగలరు.

ఇంజిన్ మెకానిక్:

నా అభ్యంతరమంతా మీరు రాసిన "ఏ పని చేస్తున్నా" అన్న మాట మీదే. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బానెట్ కింద గ్లౌజు చేతిని కాపాడదు సరికదా, తిరిగే భాగాలకు దాన్ని అందిస్తుంది. నిలకడగా, యాక్సిలరేటర్ తొక్కకుండా నడిచే ఇంజిన్ నిమిషానికి సుమారు 800 చుట్లు, అంటే సెకనుకు 13కు పైగా తిరుగుతుంది. ఇంజిన్‌తో పాటే తిరిగే, 15 సెంటీమీటర్ల వ్యాసమున్న పుల్లీ (బెల్టు చక్రం) మీద బెల్టు సెకనుకు ఆరు మీటర్లకు మించిన వేగంతో పోతుంది. ప్రమాదాన్ని గుర్తించి చేయి లాక్కోవడానికి మనిషికి పావు సెకను పడుతుందనుకున్నా, ఆలోగానే ఒకటిన్నర మీటర్ల బెల్టు పుల్లీ మీదుగా వెళ్లిపోయి ఉంటుంది. వట్టి వేలు తగిలినా గాయమవుతుంది, నిజమే. కానీ వదులుగా ఉన్న గుడ్డ కొస చిక్కితే అది వేలితో ఆగదు, మణికట్టు దాకా లోపలికి లాగుతుంది. స్టాండు మీద బిగించిన డ్రిల్లు దగ్గరా ఇదే ప్రమాదం ఉంది కాబట్టే, తిరిగే యంత్రాల దగ్గర గ్లౌజులు వద్దని వర్క్‌షాపుల్లో మొదట నేర్పుతారు.

నాతో పనిచేసే ఒకరి గ్లౌజు పట్టీ, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ బెల్టుకు చిక్కుకుంది. ఆ గ్లౌజు పాతబడి నాసిపోయి ఉండడం వల్లనే చిరిగి, చేయి బయటపడింది. ఇక్కడ గమనించవలసిన విషయం ఏమిటంటే, పానా జారినప్పుడు మీ కుర్రవాడిని కాపాడగలిగే ఆ గట్టి గ్లౌజే ఈయన చేతిని వదిలిపెట్టేది కాదు. ఇంకొక సంగతి: చాలా కార్లలో రేడియేటర్ ఫ్యాను విద్యుత్తుతో తిరుగుతుంది కనుక, ఇంజిన్ ఆపి తాళంచెవి తీసిన తరువాత కూడా, ఇంజిన్ వేడిగా ఉంటే, హఠాత్తుగా తిరగడం మొదలుపెట్టవచ్చు. కాబట్టి ఇంజిన్ ఆగింది కదా అని ఫ్యాను దగ్గర గ్లౌజుతో చేయి పెట్టడం కూడా నాకు సమ్మతం కాదు.

చర్మ సమస్యతో షెడ్డు పని మానుకున్న సభ్యుడు:

తిరిగే భాగాల విషయంలో మెకానిక్ గారు చెప్పినదాన్ని కాదనను. అయితే ఆ వాదనను పట్టుకొని అసలు గ్లౌజులే వద్దనేవారిని చూశాను కనుక రాస్తున్నాను. వాడిన ఇంజిన్ ఆయిల్‌లో పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు అనే హానికరమైన రసాయనాలు చేరతాయి. ఏళ్ల తరబడి అది చర్మానికి అంటుతూ ఉంటే మంట, పగుళ్లు, దద్దుర్లతో మొదలై చర్మ క్యాన్సర్ ముప్పు దాకా పోవచ్చు. గత శతాబ్దం తొలినాళ్లలో ఇంగ్లండులోని పత్తి మిల్లుల్లో నూలు వడికే కార్మికులకు, బట్టలకు పట్టిన యంత్రాల నూనె వల్ల చర్మ క్యాన్సర్ వచ్చిన చరిత్ర ఉంది. అందుకే ఆయిల్ మార్చేటప్పుడు నైట్రైల్ (నూనెను ఆపే కృత్రిమ రబ్బరు) గ్లౌజులు వేసుకోవడమే కాదు, నూనె గుడ్డను ప్యాంటు జేబులో పెట్టుకొనే అలవాటునూ మానాలి. తెగిన వేలు మానుతుంది కానీ ఈ చర్మం మళ్లీ మామూలు కావడం లేదు.

డీజిల్ ఇంజెక్షన్ పని చేసే సభ్యుడు:

గ్లౌజు మీద అతి నమ్మకం గురించి ఎవరూ మాట్లాడలేదు. నేటి కామన్ రైల్ (ఒకే ఉమ్మడి గొట్టం నుంచి అన్ని సిలిండర్లకూ ఇంధనం చిమ్మే) డీజిల్ ఇంజిన్లలో ఇంధనం పీడనం 2000 బార్‌కు, అంటే గాలి పీడనానికి సుమారు రెండు వేల రెట్లకు కూడా చేరుతుంది. సన్నని చీలికలోంచి చిమ్మే ధార ఏ గ్లౌజునైనా దాటి చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి కనిపించేది సూది గుచ్చినంత రంధ్రమే, మొదట నొప్పి కూడా పెద్దగా ఉండదు, కానీ లోపల డీజిల్ కండరాల వెంట పాకుతుంటుంది. గంటల వ్యవధిలో శస్త్రచికిత్స జరగకపోతే వేలో చెయ్యో తీసేయవలసి రావచ్చు కనుక, బాధితుడు బాగానే ఉన్నానన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లి, అధిక పీడనంతో డీజిల్ లోపలికి వెళ్లిందని స్పష్టంగా చెప్పాలి. కారుతున్న చోటును చేతితో తడిమి వెతకకూడదు, దూరం నుంచి అట్టముక్కను అడ్డుపెట్టి చూడాలి.

ఇంజిన్‌తో పాటు విద్యుత్ మోటారు కూడా ఉండే హైబ్రిడ్ కార్ల నారింజ రంగు కేబుళ్ల సంగతి దీనికి పూర్తిగా భిన్నం. వందల వోల్టులుండే ఆ పనికి 1000 వోల్టుల వరకు పనికివచ్చే క్లాస్ 0 రబ్బరు గ్లౌజులు, వాటి పైన తోలు గ్లౌజులు వేసుకోవాలి. ప్రతిసారీ వేసుకొనే ముందు గాలి బంధించి రంధ్రాలున్నాయేమో చూడాలి. అక్కడ మాత్రం మినహాయింపు అడిగేవారిని పనిలోకి రానివ్వవద్దు.

షెడ్డు నిర్వాహకుడు:

ఈ వాదనలు చదివాక నియమాన్ని మార్చి రాస్తున్నాను. ఇంజిన్ నడుస్తున్నా, ఫ్యాను తిరిగే అవకాశమున్నా, డ్రిల్లు దగ్గరైనా గ్లౌజులు తీసేయాలి. ఆయిల్, బోల్టులు, బ్యాటరీ పనులకు వేసుకోవాలి. ఉంగరం, గడియారం మాత్రం ఏ పనికైనా ముందే తీసి పెట్టాలి, ఎందుకంటే పానాకూ బ్యాటరీ టెర్మినల్‌కూ మధ్య ఉంగరం చిక్కితే అది క్షణాల్లో ఎర్రగా కాలుతుంది. అయితే ఒక్క సందేహం మిగిలింది. నడుస్తున్న ఇంజిన్ దగ్గర పలుచని నైట్రైల్ గ్లౌజు ఉంటే తప్పేమిటి? అది ఇట్టే చిరిగిపోతుంది కదా?

ఇంజిన్ మెకానిక్:

ఆ మాట చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. ఇప్పుడు వచ్చే నైట్రైల్ గ్లౌజుల్లో మందమైనవీ ఉన్నాయి, రెండు జతలు ఒకదానిపై ఒకటి వేసుకొనేవారూ ఉన్నారు. ఏది చిరుగుతుందో ఏది చిరగదో బెల్టు దగ్గర పరీక్షించి తెలుసుకోలేము. పైగా నడుస్తున్న ఇంజిన్ దగ్గర చేయవలసిన పని చాలావరకు వినడం, చూడడం, మీటరు తీగలు తగిలించడం. ఆ తీగలను కూడా ఇంజిన్ ఆపి తగిలించి, చేయి తీసి, ఆ తరువాతే స్టార్ట్ చేయవచ్చు. మీ నియమంలో ఆ వరుసక్రమాన్ని కూడా చేర్చండి.