నయాగరా ఎటువైపు నుంచి చూడాలి: అమెరికానా, కెనడానా?

చికాగో చిన్నోడు:
అమ్మానాన్న మొదటిసారి వచ్చారు. ఆగస్టులో నయాగరా తీసుకెళ్దామనుకుంటున్నా. వాళ్లకున్నది అమెరికా విజిటర్ వీసా ఒక్కటే. ఆఫీసులో ఎవరిని కదిపినా "కెనడా వైపు నుంచి చూడకపోతే దండగ, ఇటునుంచి జలపాతం వీపు తప్ప ఏమీ కనపడదు" అంటున్నారు. వాళ్ల కోసం కెనడా వీసాకి కూడా పెట్టాలా? ఆ ఖర్చుకి, ఆ ఎదురుచూపులకి తగ్గ తేడా ఉందా?

టొరంటో అక్క:
ఆలోచించకుండా పెట్టేయండి. అమెరికన్ ఫాల్స్, బ్రైడల్ వెయిల్, హార్స్‌షూ, నయాగరాలోని ఈ మూడు జలపాతాలూ కెనడా వైపు నుంచి ఎదురుగా కనపడతాయి. రెండు దేశాల్నీ కలిపే రెయిన్‌బో బ్రిడ్జి దగ్గర్నుంచి హార్స్‌షూ అంచున ఉన్న టేబుల్ రాక్ దాకా ఒడ్డు వెంబడే నడవొచ్చు. పైనుంచి చూడాలంటే 160 మీటర్ల స్కైలాన్ టవర్ ఉంది. రాత్రిపూట రంగుల లైట్లు వేసేది కూడా ఇటునుంచే. అమెరికాలో ఉండేవాళ్లు వంతెన మీద అంతంత క్యూలో ఊరికే నిలబడతారా?

బఫెలో బాబాయ్:
మూడూ ఒకే ఫొటోలో పడాలంటే కెనడాయే, దానికి నేను అడ్డం చెప్పను. కానీ ఈ 'వీపు' మాట జలపాతాల మధ్యనున్న గోట్ ఐలాండ్ దాకా వెళ్లనివాళ్లు పుట్టించింది. మనవాళ్లు చాలామంది ప్రాస్పెక్ట్ పాయింట్ దగ్గర సెల్ఫీ దిగి, పడవెక్కి, బిర్యానీ దొరికే చోటు వెతుక్కుంటూ వెళ్లిపోతారు. అక్కడ అమెరికన్ ఫాల్స్ పక్కనుంచే కనపడుతుంది మరి.

గోట్ ఐలాండ్ నుంచి చిన్న వంతెన దాటితే లూనా ఐలాండ్. ఒకపక్క అమెరికన్ ఫాల్స్, ఇంకోపక్క బ్రైడల్ వెయిల్, మధ్యలో మనం. రాళ్ల మీద పలచగా పరిగెత్తుకొచ్చిన నీళ్లు రైలింగ్ పక్కనే ఉన్నట్టుండి మాయమైపోతాయి. ఆ తర్వాత టెర్రపిన్ పాయింట్‌కి నడవండి. అది హార్స్‌షూ అంచు. జలపాతాల నీళ్లలో ఇంచుమించు పదింట తొమ్మిది వంతులు దూకేది అక్కడే. వంపు మధ్యలో నీళ్లు ఎంత మందంగా ఉంటాయంటే, ఒంగే చోట గోళీసోడా సీసాలా పచ్చగా మెరుస్తాయి.

ఇంకోటి, వేళ చూసుకోవాలి. ఇంద్రధనుస్సు కనపడాలంటే ఎండ మన వెనక ఉండాలి. అమెరికా వైపు నుంచి మనం చూసేది పడమటికి, కాబట్టి పొద్దున వెళ్లాలి. కెనడా వైపు అయితే మధ్యాహ్నం దాటాకే. పొద్దున్నే అక్కడ నిలబడితే ఎండ కళ్లలో కొడుతుంది.

టొరంటో అక్క:
బాబాయ్ గారూ, టెర్రపిన్ దగ్గర ఆ గుర్రపు లాడం ఆకారం మొత్తం కనపడుతుందా? సగం చూస్తారు, మిగతాదంతా తుంపరే. దగ్గరగా చూడటం మీ ఒక్కళ్ల సొత్తేం కాదు. టేబుల్ రాక్ దగ్గర కూడా నీళ్లు రైలింగ్ పక్కనుంచే దూకుతాయి. లిఫ్టులో దిగితే హార్స్‌షూ వెనక సొరంగాలున్నాయి.

బఫెలో బాబాయ్:
ఆ సొరంగాల చివర కనపడేది తెల్లటి తెర ఒక్కటేనమ్మా. అంతకంటే ఇటువైపు కేవ్ ఆఫ్ ది విండ్స్ నయం. పసుపు రెయిన్‌కోటు వేసుకుని, చెక్క మెట్లెక్కి, బ్రైడల్ వెయిల్ కాళ్ల దగ్గరికి వెళ్లొచ్చు. చలికాలం మంచు దెబ్బకి నిలవవని ఆ మెట్లు ఏటా విప్పి, వసంతంలో మళ్లీ కడతారు.

స్టాంపింగ్ టెన్షన్:
వ్యూ సంగతి సరే, వీసాలు తేల్చుకోండి ముందు. గ్రీన్‌కార్డు ఉంటే కెనడా వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు, కార్డు చాలు. హెచ్1బి వర్క్ వీసాలో ఉన్నవాళ్లకీ, మన పేరెంట్స్‌కీ కావాలి. స్టాంపింగ్ (పాస్‌పోర్టులో వేసే అమెరికా వీసా) గడువు దాటిన హెచ్1బి వాళ్లు, ఐ-94 (అమెరికాలో ఉండటానికి ఇచ్చే ఎంట్రీ రికార్డు) చెల్లుబాటులో ఉండి 30 రోజుల్లోపు తిరిగొస్తే మామూలుగా ఆటోమేటిక్ రీవాలిడేషన్ వర్తిస్తుంది, అంటే గడువు దాటిన వీసాతోనే తిరిగి రానిస్తారు. అక్కడ కొత్త స్టాంపింగ్‌కి అప్లై చేశారో, అది పోయినట్టే. లాయర్ని అడక్కుండా వంతెన దాటకండి.

రాత్రి లైట్ల గురించి ఒక మాట. అమెరికా, కెనడాల 1950 ఒప్పందం ప్రకారం టూరిస్టు సీజన్ పగటివేళ సెకనుకి కనీసం లక్ష ఘనపుటడుగుల నీళ్లు వదలాలి, మిగతా వేళల్లో అందులో సగం చాలు. మిగిలింది కరెంటుకి మళ్లిస్తారు. బాగా పొద్దుపోయాక వెళ్తే చూసేది సగం జలపాతమే.

చికాగో చిన్నోడు:
థ్యాంక్సండీ. నాన్నకి మోకాళ్ల నొప్పులు. ఆ చెక్క మెట్లు కష్టమేమో?

బఫెలో బాబాయ్:
వద్దు, మెట్లు వదిలెయ్ బాబూ. గోట్ ఐలాండ్ మీదికి కారు వెళ్తుంది, టెర్రపిన్‌కి దగ్గర్లోనే పార్కింగ్. పార్కులోకి ఎంట్రీ టికెట్ లేదు. పొద్దున్నే టెర్రపిన్, ఆ తర్వాత ప్రాస్పెక్ట్ పాయింట్ దగ్గర అబ్జర్వేషన్ టవర్. అక్కడినుంచి మూడు జలపాతాలూ కనపడతాయి, పడవ దగ్గరికి లిఫ్టూ అందులోనే. ఈసారికి వీసా డబ్బులు మిగుల్చుకో.

టొరంటో అక్క:
ఆ టవర్ మీంచి కూడా ఏటవాలుగానే కనపడుతుంది, నేను ఎక్కి చూశా. ఈసారికి అలాగే కానీయండి. వీసా మాత్రం ఇప్పుడే పెట్టండి, మళ్లీ వచ్చినప్పుడు ఇటు తీసుకురండి. ఎటు బాగుందో ఆంటీ, అంకుల్ చెప్తారు.