డేవిడ్ బోవీ ‘క్యాట్ పీపుల్’: సినిమా రికార్డింగా, ఆల్బమ్ రికార్డింగా?

పాతటేపు: ఈ పాట రెండు రూపాల్లో ఉంది. పాల్ ష్రేడర్ 1982లో తీసిన ‘క్యాట్ పీపుల్’ సినిమా కోసం జార్జియో మొరోడర్ బాణీకి బోవీ మాటలు రాసి పాడింది ఒకటి. 1983లో ‘లెట్స్ డాన్స్’ ఆల్బమ్ కోసం మళ్ళీ పాడింది ఇంకొకటి. నా ఓటు ఆల్బమ్‌కే. స్టీవీ రే వాన్ గిటార్ ఉంది, ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. సినిమా రికార్డింగ్ ఆరున్నర నిమిషాల పైమాటే. ఊపందుకునేలోపే నిద్రొస్తుంది.

రాత్రిరేడియో: ఆ నిదానమే కదండీ పాటంటే! మొదట్లో బోవీ గొంతు బాగా కింది స్థాయిలో, దాదాపు మాట్లాడుతున్నట్టే ఉంటుంది. వెనక సింథసైజర్ తప్ప పెద్దగా ఏమీ వినపడదు. పెట్రోలు పోసి మంట ఆర్పుతున్నానన్న లైను దగ్గర ఒక్కసారిగా గొంతెత్తుతాడు, డ్రమ్స్ విరుచుకుపడతాయి. ఆల్బమ్‌లో మొదటి నుంచీ దంచుడే. ఇక అరవాల్సిన చోట అరవడానికి ఏం మిగిలింది?

గిటార్‌పిచ్చి: నచ్చకే కదా బ్రో, ఆయన మళ్ళీ పాడుకుంది?

రాత్రిరేడియో: నచ్చక కాదు. పాతదాన్నే ఆల్బమ్‌లో పెట్టాలనుకుంటే, హక్కులున్న ఎంసీఏ కంపెనీ ఒప్పుకోలేదు. అందుకే ఆ ఆల్బమ్ నిర్మాత నైల్ రాడ్జర్స్‌తో కలిసి మళ్ళీ చేయాల్సొచ్చింది. మొదటిది 1981లో స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో రికార్డ్ చేశారు. అప్పుడే అక్కడున్న క్వీన్ బ్యాండ్ వాళ్ళతో కలిస్తే ‘అండర్ ప్రెషర్’ పాట పుట్టింది. ఒక్క ప్రయాణంలో రెండు, మామూలు విషయమా!

సెకండ్‌షో: ష్రేడర్ ఈ పాటను ఎండ్ టైటిల్స్‌కి తోసేశాడు. దానికి న్యాయం చేసింది దర్శకుడు టరంటినోనే. 2009లో ‘ఇన్‌గ్లోరియస్ బాస్టర్డ్స్’లో, నాజీలతో నిండిన థియేటర్‌ను తగలబెట్టే ముందు హీరోయిన్ షోషానా ముస్తాబవుతుంటే వచ్చేది ఈ మొరోడర్ రికార్డింగే. 1944 పారిస్‌లో 1982 పాటేంటని ఎవరికీ అనిపించదు.

పాతటేపు: అనిపించింది, నాకు! అయినా సీన్ బాగుంటే పాట బాగున్నట్టా? తెర లేకుండా నిలబడాలి.

రాత్రిరేడియో: నేను ఆ సినిమా చూడకముందే పాట విన్నాను. హెడ్‌ఫోన్స్‌లో ఆ అరుపు దగ్గర ఇప్పటికీ ఉలిక్కిపడతాను. వాన్ గిటారే కావాలంటే అదే ఆల్బమ్‌లో టైటిల్ పాట ఉంది, దానికి నేనూ అడ్డు చెప్పను.