డికిన్‌సన్ కవితలో ‘అతడు మమ్మల్ని దాటాడు’: ఎవరా అతడు?

ప్రశ్న: అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్‌సన్ మృత్యువుతో బండెక్కి వెళ్లే కవితలో (జాన్సన్ సంపాదకత్వంలోని సంపుటిలో 712వది) నాలుగో చరణం ‘కాదు, అతడే మమ్మల్ని దాటాడు’ అని మొదలవుతుంది. ‘అతడు’ అన్నది క్యాపిటల్ అక్షరంతో ఉంది. మృత్యువేనా?

జవాబు: సూర్యుడండీ. క్యాపిటల్ అక్షరం ఇక్కడ ఆధారం కాదు, ఆమె బడికీ పిల్లలకూ కూడా అదే వాడింది. మృత్యువు ఆమె పక్కనే కూర్చున్నాడు, ‘మమ్మల్ని’లో అతనూ ఉన్నాడు. మూడో చరణం మళ్లీ చదవండి: బడిని దాటాం, పంటచేలను దాటాం, అస్తమించే సూర్యుణ్ణి దాటాం. ఆ వెంటనే ఈ సవరణ. తర్వాతి పాదంలోనే మంచు, వణుకు. పొద్దు గుంకితే వచ్చేవే కదా! ఒంటిమీద పల్చటి గౌను, భుజాలమీద వల లాంటి బట్ట. చలి ఆపడానికి కప్పుకునేది చలి ఆపలేని బట్టతో కుట్టి ఉంది.

అసలు అందం నడకలో ఉంది. మొదటి చరణంలో పాదాలకు వరసగా 8, 6, 8, 6 అక్షరాలు (ఇంగ్లీషు సిలబుల్స్). చర్చి కీర్తనల నడక. నాలుగో చరణం మాత్రం 6, 8, 8, 6. ఎనిమిది రావలసిన చోట ఆరుకే ఆగిపోతుంది. అప్పటిదాకా అన్నిటినీ దాటుతూ వచ్చిన బండి వెనకబడ్డది ఆ పాదంలోనే. వెంటనే ఐదో చరణంలో నేలలోంచి ఉబ్బినట్టున్న ఇంటి ముందు ఆగుతుంది. అది సమాధి.

లెక్కించేటప్పుడు ఒక జాగ్రత్త. నాలుగో చరణం రెండో పాదంలోని ‘క్వివరింగ్’ (వణుకుతూ) అనే మాటను మూడు అక్షరాలుగా పలకాలి, రెండుగా మింగేస్తే ఏడే వస్తాయి. ఒక్కో గణం మన లగంలా తేలిక, బరువుగా నడుస్తుంది గానీ, ఆ బరువు ఊనికది, అంటే నొక్కి పలకడంది. గురులఘువుల కొలత పెడితే తప్పుతుంది.

ప్రశ్న: నా పుస్తకంలో ఐదు చరణాలే ఉన్నాయి, పైన ‘ద చారియట్’ అని పేరుంది.

జవాబు: అది 1890 నాటి పాఠం. ఆమె 1886లో పోయాక టాడ్, హిగ్గిన్‌సన్ అనే సంపాదకులు అచ్చు వేసింది. పేరు వాళ్లు పెట్టిందే. ఈ నాలుగో చరణాన్నే తీసేశారు, ఐదో చరణంలో ‘గ్రౌండ్’ (నేల)కు ‘గ్రౌండే’ ప్రాసగా వచ్చిందని రెండోదాన్ని ‘మౌండ్’ (దిబ్బ) చేశారు. ఆమె కావాలనే నేలను రెండుసార్లు తెచ్చిందని నా నమ్మకం. జాన్సన్ 1955 పాఠం గానీ, ఫ్రాంక్లిన్ 1998 పాఠం గానీ (అందులో 479వది) తీసుకోండి.