మరిగే నీళ్ళలో బతికే సూక్ష్మజీవులు: వేరే గ్రహాల సంగతి ఏమైనా తెలుస్తుందా?

నీలిబుగ్గ: పోయిన ఏడాది అమెరికాలోని ఎల్లోస్టోన్‌లో గ్రాండ్ ప్రిస్మాటిక్ అనే వేడినీటి బుగ్గ చూశాను. చెక్క బాట మీద నిలబడగానే ఆవిరికి కళ్ళజోడు మసకబారిపోయింది. తుడుచుకుని చూస్తే నడుమ నీలం, అంచుల చుట్టూ పసుపు, నారింజ, గోధుమ రంగులు. ఆ అంచు రంగులన్నీ బ్యాక్టీరియావేనట! ఇంత వేడిలో బతికేవి ఉన్నాయంటే వేరే గ్రహాల మీద కూడా ఉండొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.

గాజుగొట్టం: నాకు అన్నం పెట్టేదే ఆ బుగ్గల్లోని బ్యాక్టీరియా అండీ. 1966లో సూక్ష్మజీవుల శాస్త్రవేత్త థామస్ బ్రాక్, ఆయన విద్యార్థి హడ్సన్ ఫ్రీజ్ ఎల్లోస్టోన్‌లోనే థెర్మస్ అక్వాటికస్ అనే బ్యాక్టీరియాను పట్టుకున్నారు. 70 డిగ్రీలు దానికి హాయి. దాని ఎంజైమే, డీఎన్ఏకు బోలెడు నకళ్ళు తీయడానికి మేం చేసే పీసీఆర్‌లో వాడే టాక్. 95 డిగ్రీలకు వేడి చేసినా చెడదు. ఒకసారి ఆ ట్యూబును ఫ్రీజర్‌లో పెట్టడం మర్చిపోయి ఇంటికి వెళ్ళిపోయాను. రాత్రంతా టెన్షన్. పొద్దున వాడి చూస్తే శుభ్రంగా పనిచేసింది.

కానీ వేడికి తట్టుకోవడం కంటే పెద్ద విషయం తిండి. సుమారు 73 డిగ్రీలు దాటితే కిరణజన్య సంయోగక్రియ సాగదు. అంతకన్నా వేడి నీళ్ళలో ఉండేవి హైడ్రోజన్, గంధకం లాంటివాటి మీద బతుకుతాయి. అంటే ఎండ అక్కర్లేదు.

రాళ్ళపిచ్చి: నాకు జీవుల కన్నా అవి వదిలే రాయి ఇష్టం. అంగారకుడి మీద తిరిగిన నాసా బండి స్పిరిట్ రోవర్‌కు ముందు చక్రం ఒకటి తిరగడం మానేసింది. దాన్ని ఈడ్చుకుంటూ పోతుంటే 2007లో మట్టి గీసుకుపోయి కింద తెల్లగా సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే) బయటపడింది. చక్రం బాగుంటే కనబడేదే కాదేమో! చిలీలో ఎల్ టాటియో వేడి బుగ్గల దగ్గర కూడా వేళ్ళలా, బుడిపెల్లా అలాంటి సిలికానే ఉంది. అక్కడ దాని తయారీలో సూక్ష్మజీవుల చెయ్యి ఉంది. నేను తెల్లవారుజామున వెళ్ళాను, చలికి నా వేళ్ళు కొంకర్లు పోయాయి గానీ ఆ బుడిపెలు వదిలి రాబుద్ధి కాలేదు. అంగారకుడి మీదివి కూడా జీవుల పనేనని మాత్రం ఎవరూ తేల్చలేదు.

సందేహి: నీళ్ళుంటే ప్రాణం ఉన్నట్టే అనుకోకండి. ఇథియోపియాలోని డల్లోల్‌లో వేడి, ఆమ్లం, ఉప్పు మూడూ విపరీతం. ఆ గుంటల్లో జీవం లేదని 2019లో ఒక బృందం రాసింది, అదే ఏడాది ఇంకో బృందం ఉందని రాసింది. మన భూమి మీదే ఇంత తగువు!

గాజుగొట్టం: నిజమే. అందుకే నా పందెం శని ఉపగ్రహం ఎన్సెలాడస్ మీద. మంచు కింద సముద్రం, అందులోంచి ఎగజిమ్మే నీటి ఆవిరిలో హైడ్రోజన్ ఉందని 2017లో కాసిని అనే వ్యోమనౌక శాస్త్రవేత్తలు చెప్పారు. ఇక్కడ సముద్రం అడుగున మెథనోపైరస్ అనే సూక్ష్మజీవి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ కలిపి మీథేన్ చేసుకుని బతుకుతుంది, 122 డిగ్రీల్లో కూడా.

సందేహి: మీథేన్ రాయీ నీళ్ళూ కలిసినా పుడుతుందండీ, జీవి అక్కర్లేదు.

నీలిబుగ్గ: రాళ్ళపిచ్చి గారూ, ఆ తెల్లమట్టి దగ్గరికి మళ్ళీ ఎవరైనా వెళ్ళారా?

రాళ్ళపిచ్చి: లేదండీ. 2010లో స్పిరిట్ మూగబోయాక ఆ చోటికి ఇంకే రోవరూ పోలేదు.