అక్క చదివే స్కూల్లోనే తమ్ముణ్ణి చేర్పించేముందు ఏం చూసుకోవాలి?

కోవూరు_నాన్న:
పాప నెల్లూరులో ఒక ప్రైవేటు స్కూల్లో జూన్‌కి ఆరులోకి వస్తుంది. బాబు ఒకటో తరగతి. ఇద్దరూ ఒకే స్కూలైతే ఫీజు కొంత తగ్గిస్తామంటుండారు, బస్సూ ఒకటే. డబ్బు కట్టేముందు ఏమేం ఖాయం చేసుకోవాలి? తల్లికి వందనం (చదివే పిల్లల కోసం ఏపీ ప్రభుత్వం తల్లి ఖాతాలో వేసే డబ్బు) ఇద్దరికీ పడాలంటే ఏం చేయాలి?

పెన్నా_ఒడ్డు:
అన్నా, తగ్గింపు నోటిమాటతో వదలబాకండి. మామూలుగా చిన్నబిడ్డ ట్యూషన్ ఫీజు మీదే తగ్గిస్తారు. బస్సు, పుస్తకాలు, యూనిఫాం పూర్తిగా కట్టాల్సిందే. పాప పది పూర్తి చేసేసరికి బాబు ఐదు పూర్తి చేస్తాడు, అంటే ఇద్దరూ కలిసి ఉండేది 5 ఏళ్ళే. పాప వెళ్ళాక తగ్గింపు ఉంటుందా పోతుందా అన్నది అప్లికేషన్ మీదే రాయించి స్టాంపు వేయించుకోండి.

రసీదులు ఇద్దరికీ విడివిడిగా, ట్యూషన్ ఫీజు వేరే గడిలో చూపించేట్టు అడగండి. పాత పద్ధతిలో ఇన్‌కంటాక్స్ కట్టేవాళ్ళకి ఇద్దరు పిల్లల ట్యూషన్ ఫీజు 80సీ (2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టంలో 123వ సెక్షన్) పన్ను మినహాయింపు కింద, మిగతా పొదుపులతో కలిపి మొత్తం 1,50,000 లోపు లెక్కకొస్తుంది. బస్సు ఫీజు రాదు. అంతా కలిపి ఒకే అంకె వేసిన రసీదు అక్కడ పనికిరాదు.

బస్సు ఒకటే అన్నారు సరే, గంట ఒకటేనా? చిన్న క్లాసులు ముందు వదిలి, బస్సు పెద్ద క్లాసులయ్యాకే కదిలితే, ఆ మధ్యలో బాబు ఏ గదిలో కూర్చుంటాడు, ఎవరు చూస్తారు? ఇది ప్రిన్సిపాల్‌నే అడగండి. పాప తొమ్మిదికొచ్చాక సాయంత్రం స్టడీ అవర్లు మొదలైతే బాబు ఒక్కడే వస్తాడు. అందుకే దింపే బాధ్యత మొదటిరోజు నుంచే బస్సు ఆయా మీద ఉండాలి, పాప మీద కాదు. బాబు ఐడీ కార్డు వెనక రూటు నంబరు, దిగే స్టాపు, రెండు ఫోన్ నంబర్లు రాసి పైన సెల్లోటేపు అంటించండి. వానకి సిరా కారిపోతుంది.

రికార్డు_గది:
తల్లికి వందనం, అర్హత ఉన్న ఇంట్లో చదివే పిల్లలందరికీ ఉంది. 2025లో ఒక్కొక్కరి 15,000లో 13,000 తల్లి ఖాతాకి, 2,000 బడి నిర్వహణకి పోయాయి. హాజరు 75 శాతం ఉండాలి. ఒకరికి పడి ఇంకొకరికి పడలేదంటే ముందు అనుమానించాల్సింది గ్రామ/వార్డు సచివాలయంలోని కుటుంబ వివరాలనే. బాబు పేరు తల్లితోపాటు అదే ఇంట్లో ఉందో లేదో ఇప్పుడే చూపించుకోండి. తల్లి ఖాతాకి ఆధార్, ఎన్‌పీసీఐ లింకు (ప్రభుత్వ డబ్బు ఏ ఖాతాలో పడాలో చూపేది) ఉండాలి. ఒకటిలో కొత్తగా చేరినవాళ్ళకి ఆ ఏడాది తర్వాతి విడతలో పడింది, కాబట్టి మొదటి లిస్టులో లేకపోతే కంగారు పడొద్దు.

ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది. పెద్దబిడ్డ రికార్డులో తల్లి పేరు పుట్టింటి ఇంటిపేరుతో, చిన్నబిడ్డకి అత్తింటి ఇంటిపేరుతో ఉంటుంది. పాప అడ్మిషన్ రిజిస్టర్ చూపించమని అడిగి, ఇద్దరి జనన ధ్రువపత్రాలు, ఆధార్ కార్డులు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ళ పేర్ల జాబితా) వెళ్ళకముందే దిద్దించాలి, సర్టిఫికెట్ వచ్చాక చాలా తిప్పలు. బాబుకి 5 నిండితే ఆధార్‌లో వేలిముద్రలు కూడా వేయించండి.

ఒంగోలు_టీచరమ్మ:
తమ్ముడు ఏడిస్తే అక్కని క్లాసులోంచి పిలిపించడం చాలాచోట్ల అలవాటు. మొదటివారంలోనే ఇద్దరి క్లాస్ టీచర్లకీ చెప్పండి: జ్వరమొచ్చినా, దెబ్బ తగిలినా ముందు ఇంటికి ఫోన్ చేయాలని. లేకపోతే పాపకి లెక్కల పీరియడ్లు పోతాయి. బాబు డైరీ, హోంవర్క్ పాప చేత పంపొద్దు. ఇద్దరికీ కలిపి ఒకే క్యారేజీ కట్టొద్దు, చిన్నవాళ్ళకి భోజనం బెల్లు ముందే కొడతారు, పప్పన్నం అక్క బ్యాగులో ఉండిపోతుంది. పేరెంట్స్ మీటింగ్‌లో ఇద్దరి టీచర్లనీ విడిగా కలవండి. "మీ అక్క ఇట్టా చదివేది కాదే" అన్న మాట టీచర్ల నోట వస్తే, దయచేసి అక్కడే ఆపండి. ఆరేళ్ళ బిడ్డకి ఆ పోలిక చాలా బరువు.

పెన్నా_ఒడ్డు:
విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బళ్ళలో ఒకటో తరగతిలో పేద, బలహీన వర్గాల పిల్లలకి 25 శాతం ఉచిత సీట్లున్నాయి, మీకు అర్హత ఉంటే ఆన్‌లైన్‌లో పెట్టండి. కానీ ఇంటి దూరం చూసి, లాటరీ తీస్తారు. అక్క బడే పడుతుందని అనుకోబాకండి.

కోవూరు_నాన్న:
ఇప్పుడే చూశా. పాప ప్రోగ్రెస్ కార్డులో తల్లి పేరు పుట్టింటి ఇంటిపేరుతోనే ఉంది. ఎట్టా మార్పించాలి?

రికార్డు_గది:
హెడ్మాస్టర్ పేర అర్జీ రాసి, తల్లి ఆధార్, పాప జనన ధ్రువపత్రం జిరాక్సులు జత చేయండి. బడి ఆన్‌లైన్ లాగిన్‌లో మార్చడం కాకపోతే ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసుకి పంపిస్తారు. రిజిస్టర్‌లో దిద్ది ఆన్‌లైన్‌లో వదిలేస్తే పాత పేరే పదో తరగతి దాకా నడుస్తుంది. దిద్దాక యూడైస్ (బడి పిల్లల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డు) వివరాల ప్రింటు ఒకటి అడిగి తీసుకోండి.