డెడ్ లోడ్, లైవ్ లోడ్: తెలుగులో ఏమందాం?

అడిగినవారు: మా తమ్ముడు డిప్లొమా సివిల్ చదువుతున్నాడు, పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఇంటి స్లాబు మీద లోడ్లు లెక్కకట్టడం వాడికి తెలుగులో చెబుదామని కూర్చున్నా. ఎవరో రాసిన నోట్సులో డెడ్ లోడ్‌కి 'నిర్జీవ భారం', లైవ్ లోడ్‌కి 'సజీవ భారం' అని ఉంది. చదివి ఇద్దరం నవ్వుకున్నాం. మంచి మాట ఏదైనా చెప్పండి.

ఒక జవాబు: స్థిర భారం, చర భారం. ఇందులో వెతుక్కోడానికి ఏముందండీ?

ఇంకో జవాబు: 'చర' దగ్గరే వస్తుంది చిక్కు. బట్టలతో నిండిన ఇనుప బీరువా ఇరవై ఏళ్లు ఒకే మూల కదలకుండా ఉంటుంది. అయినా అది లైవ్ లోడే. కదలడం కాదు ఇక్కడ ప్రశ్న, ఇంట్లో భాగమా (డెడ్), ఇల్లు వాడుకునేవాళ్లు తెచ్చిపెట్టిందా (లైవ్) అన్నది. కట్టడాల మీద లోడ్లు ఎంత వేసుకోవాలో చెప్పే మన కోడ్ ఐఎస్ 875, దాని రెండో భాగానికి పేరే 'ఇంపోజ్డ్ లోడ్స్'. అందుకని నేను మా ఆఫీసుకొచ్చే పిల్లలకి కట్టుబడి బరువు, వాడకం బరువు అని చెబుతాను.

పేర్లు పెట్టి ఊరుకోకుండా తమ్ముడి చేత ఒక గది లెక్క వేయించండి. 3.6 మీటర్లు, 3 మీటర్లు, అంటే సుమారు 12 బై 10 గది. స్లాబు మందం 125 మిల్లీమీటర్లు. ఆర్‌సీసీ (కమ్మీ వేసిన కాంక్రీటు) ఘనపు మీటరుకి 25 కిలోన్యూటన్లు (ఒక కిలోన్యూటన్ అంటే సుమారు 102 కిలోల బరువు) కాబట్టి చదరపు మీటరుకి 3.125. టైల్స్, కింద మాలు కలిపి 1 వేసుకోండి. ఇదంతా కట్టుబడి. ఇళ్లలో గదులకి కోడ్ చెప్పే వాడకం బరువు 2. మొత్తం 6.125, గది వైశాల్యం 10.8తో గుణిస్తే 66 కిలోన్యూటన్లు, దాదాపు 6.7 టన్నులు. అందులో మనుషులు, సామాన్ల కోసం ఉంచింది 2.2 టన్నులే. తక్కినదంతా ఇల్లు తన్ను తాను మోసుకునే బరువు! డిజైన్‌కి వెళ్లేటప్పుడు భద్రత కోసం ఈ మొత్తాన్ని 1.5తో హెచ్చిస్తారు.

ఇక గోడ. 9 అంగుళాల ఇటుక గోడ, 2.7 మీటర్ల ఎత్తు, ఘనపు మీటరుకి 20 వేస్తే మీటరు పొడవుకి 12.4 కిలోన్యూటన్లు. 12 అడుగుల గోడ ఒక్కటే నాలుగున్నర టన్నులు. పైన వేసిన లెక్కలో స్లాబు, టైల్స్ కలిపినా అంతే.

మరొకరు: సైట్లో ఎవరూ భారం అనరు సార్. 'కింద బీమ్ లేదు, గోడ లోడంతా స్లాబు మీదే పడుద్ది' అంటాడు మేస్త్రీ. లోడు తెలుగైపోయి చాలా కాలమైంది, వదిలేయండి. పైగా కట్టుబడి అంటే నాకు 'మాటకు కట్టుబడి' గుర్తొస్తోంది.

రెండో జవాబు ఇచ్చినవారు: గోడ కట్టుబడి, రాతి కట్టుబడి అని ఆ మేస్త్రీయే అంటాడు కదండీ! లోడు అనడానికి నాకూ అభ్యంతరం లేదు. కట్టుబడి లోడు, వాడకం లోడు అన్నా సరే.

అడిగినవారు: తమ్ముడికి చెప్పాను. వాడి ప్రశ్న: ఇంటి పైఅంతస్తు కోచింగ్ సెంటర్‌కో, ఫంక్షన్లకో అద్దెకిస్తే ఆ 2 సరిపోతుందా?

రెండో జవాబు ఇచ్చినవారు: సరిపోదు. 2 అంటే చదరపు అడుగుకి 19 కిలోలు. కదలని సీట్లు లేకుండా జనం గుమిగూడే హాలుకి కోడ్ అడిగేది 5. పుస్తకాల ర్యాకులు నింపే గదికైతే ఇంకా ఎక్కువ. స్లాబు అదే, కమ్మీ అదే, వాడకం మారింది. ఇంటి మెట్లకీ బాల్కనీకీ 3 ఎందుకు పెట్టారో మీవాణ్ణే ఆలోచించమనండి, జవాబు రేపు ఇక్కడే రాయమనండి.